కొండెక్కిన దస్తగిరి కారు

మదనపల్లెలో దస్తగిరి అనే నాదస్వర విద్వాంసుడు ఉండేవాడు, ఆయన వాద్యం ఎంత గొప్పదో ఆయనకున్న ఒక అలవాటు అంత చెడ్డది: ఏ వస్తువు సరిగా పనిచేయకపోయినా దాన్ని బాగుచేసుకోకుండా ఇంకొకటి తెచ్చి దానికి తగిలించేవాడు.

ఇంట్లో ఫ్యాను మెల్లగా తిరిగితే రెక్కల మీద దుమ్ము తుడిచేవాడు కాదు, గోడకు ఇంకో ఫ్యాను బిగించేవాడు. తలుపు కిర్రుమంటే నూనెచుక్క వేసేవాడు కాదు, చప్పుడు వినపడకుండా మందపాటి కర్టెను వేలాడదీసేవాడు. కుళాయి కారితే కింద పెద్ద బకెట్టు పెట్టి, "చూశావా అక్కా, పని అయిపోయింది" అనేవాడు.

"పని కాలేదు తమ్ముడూ, బకెట్టు నిండింది" అనేది ఆయన అక్క ఖాసింబీ.

ఖాసింబీ మేళంలో శ్రుతిపెట్టె వేసేది. డోలు వాయించే ఓబులేసు భారీ మనిషి, మాట మాత్రం తేలిక. ఈ ముగ్గురూ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు దస్తగిరి కారులోనే వెళ్ళేవారు. అది గుండ్రటి ముఖం, వెడల్పాటి సీట్లు ఉన్న పాత తెల్లకారు. దస్తగిరి తండ్రి మంచి రోజుల్లో కొన్నది. ఓబులేసు దాన్ని దొరసాని అని పిలిచేవాడు.

ఒకప్పుడు దొరసాని గాలిలా పోయేది. ఈమధ్య మాత్రం చిన్న ఎత్తు వచ్చినా దగ్గేది, మూలిగేది.

"దీనికి ఒంట్లో బాగాలేదు తమ్ముడూ. షెడ్డుకు తీసుకుపోయి అంతా విప్పించి శుభ్రం చేయించు" అంది ఖాసింబీ.

"షెడ్డులో పెడితే మనం రోజుల తరబడి బస్సుల్లో తిరగాలి. అయినా తుడిస్తే వేగం వస్తుందా అక్కా?" అని నవ్వేశాడు దస్తగిరి.

ఒకరోజు ముగ్గురూ పుంగనూరులో పెళ్ళికి వెళుతున్నారు. వెనక నుంచి ప్రకాశం అనే బ్యాండుమేళం నాయకుడి కొత్త వ్యాను రయ్యిమని వచ్చి వాళ్ళను దాటిపోయింది. పోతూపోతూ అందులోని కుర్రవాళ్ళు కిటికీల్లోంచి బయటకు వంగి, చేతులు ఊపి, ఏదో గట్టిగా అరిచారు.

దస్తగిరి ముఖం ఎర్రబడింది. "చూశావా ఓబులేసూ, మన కారును ఎట్లా ఎగతాళి చేశారో!"

"నాకు సరిగా వినపడలేదన్నా."

"నాకు వినపడింది" అన్నాడు దస్తగిరి. నిజానికి ఆయనకూ వినపడలేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన కార్ల అలంకరణ సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాడు. "దీని వేగం పెరగాలి. ఏమేం ఉన్నాయి నీ దగ్గర?" అని అడిగాడు.

"మీరు అడగాలే గానీ అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు దుకాణదారు సంతోషంగా.

ఆ రోజు నుంచి కారుకు ఒక్కొక్కటే వచ్చి చేరసాగాయి. మొదట డిక్కీ మీద ఒక పెద్ద రెక్క వెలిసింది.

"రెక్క ఎందుకన్నా?" అని అడిగాడు ఓబులేసు.

"గాలిని చీల్చడానికి."

"గాలి ముందు నుంచి కదన్నా వచ్చేది? రెక్కేమో వెనక ఉండాది."

తరువాత వెడల్పాటి టైర్లు వచ్చాయి. అవి మడ్‌గార్డుకు రాసుకుంటుంటే ఆయన టైర్లు మార్చలేదు, వాటిలో గాలి కొంచెం తీసేశాడు. ముందువైపు లావుపాటి ఇనుపగొట్టాల కడ్డీ ఒకటి, దాని మీద పళ్ళేలంత పచ్చలైట్లు వరుసగా వచ్చాయి. ఇంజిన్‌కు గాలి తగిలే జాలీ వాటి వెనక కనపడకుండా పోయింది. ఆఖరున ఒక లావాటి సైలెన్సరు వచ్చింది. అది వచ్చాక కారు కదిలితే వీధిలో కుక్కలు లేచి నిలబడేవి.

దస్తగిరి మురిసిపోయాడు. అక్కనూ ఓబులేసునూ ఎక్కించుకుని బెంగళూరు రోడ్డు మీదికి తీసుకుపోయి, "ఎంత వేగంగా ఉందో చూశారా!" అని అరిచాడు.

"శబ్దం వేగంగా ఉంది తమ్ముడూ. మనం ఇంకా ఇక్కడే ఉన్నాం" అంది ఖాసింబీ చెవులు మూసుకుని.

అదే సమయంలో పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన ఒకడు వాళ్ళను దాటుతూ, "నమస్తే అన్నా" అని పలకరించి ముందుకు పోయాడు.

ఇలా ఉండగా ఒకనాడు వనజ వచ్చింది. ఆమె హార్స్‌లీ కొండ మీద తోటపని చేసే మునెయ్య కూతురు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం బస్సులో కొండ దిగి వచ్చి దస్తగిరి దగ్గర నాదస్వరం నేర్చుకునేది. ఆడపిల్లకు అంత ఊపిరి ఎక్కడిదని జనం నవ్వారు. దస్తగిరి మాత్రం ఆ మాటలు పట్టించుకోకుండా, ఓపికగా, సొంత కూతురికి చెప్పినట్టు చెప్పాడు. ఇప్పుడామె ఒక బడిలో పిల్లలకు సంగీతం నేర్పుతోంది.

"మాస్టారూ, నాకు పెళ్ళి కుదిరింది. కొండ మీద మా తోటలోనే చేస్తున్నాం. గట్టిమేళం మీరే వాయించాలి. మీ నాదస్వరం వినపడందే నేను తాళికి తల వంచను" అంది వనజ.

దస్తగిరి కళ్ళు చెమర్చాయి. "పిచ్చిపిల్లా, నీ పెళ్ళికి నేను కాక ఇంకెవరు వాయిస్తారు? మాట ఇస్తున్నా. ముహూర్తానికి ముందే పందిట్లో ఉంటాను" అన్నాడు.

ఆమె వెళ్ళగానే ఖాసింబీ అంది: "కొండదారి తమ్ముడూ. మలుపులు, ఎత్తులు. ఈసారికి బస్సులో పోదాం."

"నా శిష్యురాలి పెళ్ళికి నేను బస్సులో పోవడమా?" అన్నాడు దస్తగిరి. పైగా ఆ పెళ్ళి కోసమని కారు నెత్తిన ఇనుప క్యారియరు బిగించి, దాని మీద రెండు పెద్ద లౌడ్‌స్పీకరు గొట్టాలు ఎక్కించాడు. డిక్కీలో వాటికి కావలసిన బ్యాటరీలు, ఒక ట్రంకుపెట్టె, చుట్టచుట్టిన జంపఖానాలు, మూడు కాళ్ళ బల్ల, ఎండకు పెద్ద గొడుగు, వానకు టార్పాలిను సర్దాడు.

"మడతమంచం మరిచిపోయావన్నా" అన్నాడు ఓబులేసు.

"చోటు లేదు" అన్నాడు దస్తగిరి నిజంగానే విచారిస్తూ.

పెళ్ళినాడు తెల్లవారగానే బయలుదేరారు. మైదానం రోడ్డు మీద దొరసాని ఎలాగో నెట్టుకొచ్చింది. కొండదారి మొదలయ్యేసరికి గొంతు మారింది. మొదటి మలుపులు మూలుగుతూ తిరిగింది. తరువాత దగ్గసాగింది. వేడి చూపించే ముల్లు పైపైకి పోయింది. దస్తగిరి కాలు నొక్కినకొద్దీ సైలెన్సరు భీకరంగా గర్జించింది కానీ కారు మాత్రం నడిచే మనిషంత మెల్లగా కదిలింది. సీతాఫలాల గంప పెట్టుకుని ఒక అవ్వ కూర్చున్న మలుపు దగ్గర బుస్సుమని ఆవిరి ఎగజిమ్మి, దొరసాని ఆగిపోయింది.

దస్తగిరి గాభరాగా దిగి బానెట్ ఎత్తి, రేడియేటరు మూత మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ముట్టొద్దన్నా! మొగం కాలిపోతుంది. చల్లారనీ" అని ఓబులేసు ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"అది చెప్పాల, మనం వినాల."

దస్తగిరి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. "ఇంకో పెద్ద ఫ్యాను ముందు బిగించి ఉండాల్సింది" అన్నాడు.

ఖాసింబీ తమ్ముడి వైపు చూసింది, అంతే. ఆ చూపుకు ఆయన నోరు మూతపడింది.

అంతలో కింద నుంచి ప్రకాశం వ్యాను వచ్చింది. పెళ్ళికొడుకు ఊరేగింపుకు వాళ్ళ బ్యాండును పిలిచారు. దస్తగిరికి చెట్టు చాటుకు పోవాలనిపించింది. కానీ వ్యాను ఆగింది. ప్రకాశం దిగి పరుగున వచ్చి వంగి నమస్కారం చేశాడు.

"ఏమైంది గురువుగారూ? ఆరోజు పుంగనూరు దారిలో కూడా మీ కారు దగ్గుతుంటే చూశాం. మా పిల్లలు కిటికీల్లోంచి నమస్కారం పెట్టి, సాయం కావాలా అని అరిచారు. మీరు తల తిప్పుకున్నారు. కోపం వచ్చిందేమో అనుకున్నాం."

ఎగతాళి అనుకుని ఇన్నాళ్ళు తను మోసుకు తిరిగింది ఒక నమస్కారమా! దస్తగిరికి సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"కోపం లేదు నాయనా. నా చెవులే సరిగా వినలేదు" అన్నాడు.

"వ్యానులో డప్పులు, బాకాలు, మనుషులు ఒకరి ఒళ్ళో ఒకరు ఉన్నారు. మీ ఒక్కరినైతే ఎట్లాగో ఇరికిస్తాను. రండి" అన్నాడు ప్రకాశం.

దస్తగిరి అక్క వైపు చూశాడు, డోలు పట్టుకుని నిలబడ్డ ఓబులేసు వైపు చూశాడు. "గట్టిమేళం ఒక్కడు వాయించేది కాదు. నువ్వు పోయి, మీ మాస్టారు వస్తున్నాడని వనజకు చెప్పు. నేను రాలేకపోతే..." అని ఆగి, "నువ్వు వాయించు. ముహూర్తం తప్పకూడదు" అన్నాడు.

ప్రకాశం ఒక క్యాను నిండా నీళ్ళు దించి, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

కారు ఇంకా వేడిగానే ఉంది. ఏమీ తోచక దస్తగిరి రాతిగట్టు మీద కూర్చుని, నాదస్వరం తీసి నోట పెట్టుకున్నాడు. బొంగురు శబ్దం వచ్చింది. అలవాటు ప్రకారం ఊదే పీక ఊడదీసి, అందులోని దుమ్ము దులిపి, తుడిచి, తిరిగి పెట్టాడు. ఈసారి చిన్న ఊపిరికే తేనెలాంటి స్వరం కొండంతా పాకింది.

"వనజ మొదటిరోజు జ్ఞాపకముందా?" అంది ఖాసింబీ. "ఎంత ఊదినా పలకలేదని బుగ్గలు ఉబ్బించి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వేమన్నావు?"

"బలం చాలకపోవడం కాదమ్మా, దారి మూసుకుపోయింది. ముందు పీక శుభ్రం చేసుకో అన్నాను" అని దస్తగిరి చటుక్కున ఆగిపోయాడు. కారు వైపు చూశాడు. కడ్డీ, లైట్లు, గొట్టాలు, రెక్క, నేలకు అంటుకుపోయిన డిక్కీ... కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"అక్కా! ఇది ఊపిరాడక చస్తోందక్కా! నేనే దీని ముక్కు మూసి, నెత్తిన బండ పెట్టి, పరుగెత్తమంటున్నాను" అని ఒక్క ఉదుటున లేచాడు.

ఇక చూడాలి ఆ ముగ్గురి హడావిడి! ఖాసింబీ కొంగు బిగించి డిక్కీ తెరిచింది. బ్యాటరీలు, పెట్టె, జంపఖానాలు, బల్ల, గొడుగు, టార్పాలిను ఒకటొకటే రోడ్డు పక్కకు చేరాయి.

సీతాఫలాల అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏం నాయనా, ఈడనే కాపరం పెడతా ఉండారా?"

"లేదవ్వా, కాపరం పెట్టేది పైన వేరే జంట. మేం తిరిగి వచ్చేదాకా ఈ సామాను కాస్త చూస్తావా?" అన్నాడు దస్తగిరి.

"చూస్తాలే. పోండి, పిల్ల పెళ్ళి ఆగకూడదు."

సామాను అడుగున పానాలు, కాలి పంపు దొరికాయి. ఓబులేసు ముందు కడ్డీని లైట్లతో సహా విప్పేశాడు. జాలీకి మళ్ళీ వెలుతురు తగిలింది. నెత్తిన గొట్టాలు దిగాయి, క్యారియరు దిగింది. రెక్క మరలు తుప్పు పట్టి రాకపోతే ఓబులేసు రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. రెక్కతో పాటు వెల్లకిలా పడి, "ఎగిరినానన్నా! రెక్క పనిచేసింది" అన్నాడు. ఖాసింబీ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

ఈలోగా దస్తగిరి ఇంజిన్‌కు గాలి పోయే డబ్బా మూత తీశాడు. తీసి, అలాగే ఉండిపోయాడు. గాలిని వడకట్టే జల్లెడ మట్టితో గట్టిపడి అప్పచ్చిలా ఉంది. దాని మీద ఎండుటాకులు, దారప్పోగులు, సీటులోంచి కొరికి తెచ్చిన దూదితో ఏ ఎలుకో ఎప్పుడో కట్టుకున్న గూడు ఉంది. దస్తగిరి గూడు తీసేసి, జల్లెడను రాతికేసి తట్టాడు. ఎర్రటి దుమ్ము మబ్బులా లేచింది. ఇంకా తట్టాడు, ఊదాడు. ఊదడం ఆయనకు చేతనైన పనే కదా!

ఓబులేసు టైర్లకు గాలి కొట్టసాగాడు. "తకిట తధిమి, తకిట తధిమి" అంటూ తాళం వేసి మరీ తొక్కాడు. బరువు దిగిన కారు కూర్చున్న ఏనుగు లేచినట్టు పైకి లేచింది. ఇప్పుడు టైర్లు మడ్‌గార్డుకు రాసుకోవడం లేదు. ఈపాటికి రేడియేటరు కూడా చల్లబడింది. ఖాసింబీ క్యానులోని నీళ్ళు అందులో నిండుగా పోసింది.

దస్తగిరి కళ్ళు మూసుకుని తాళంచెవి తిప్పాడు. దొరసాని ఒక్కసారి తుమ్మింది. అంతే, హాయిగా తిరగసాగింది.

"బిస్మిల్లా" అంది ఖాసింబీ.

"గోవిందా!" అన్నాడు ఓబులేసు.

కారు కదిలింది. మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది. దస్తగిరి కాలు అదిమితే ఒకప్పటిలా ముందుకు దూకింది. నీలగిరి చెట్ల వాసన కిటికీల్లోంచి చల్లగా కొట్టింది. కోతులు గట్టు దిగి దారి ఇచ్చాయి. ఓబులేసు ఒళ్ళో డోలు పెట్టుకుని వాయిస్తూనే ఉన్నాడు. దస్తగిరి నవ్వుతున్నాడు, పసివాడిలా ఆగకుండా నవ్వుతున్నాడు. "అక్కా, ఇది మన నాయన నడిపిన కారు! ఇన్నాళ్ళూ దీని లోపలే ఉంది ఈ బలం!"

పైన పందిట్లో పురోహితుడు మంగళసూత్రం చేతికి తీసుకున్నాడు. "అమ్మా, ముహూర్తం వచ్చేసింది. ఈ బ్యాండువారినే వాయించమందామా?" అన్నాడు.

ప్రకాశం బాకా ఎత్తలేదు. వనజ దారి వైపు చూస్తూ, "వస్తారు స్వామీ. ఇంకొక్క క్షణం" అంది.

అప్పుడు కింద మలుపులో భీకరమైన గర్జన వినపడింది. విప్పడానికి వేళ లేక వదిలేసిన సైలెన్సరు అది! దస్తగిరి తగిలించిన వాటన్నిటిలోకీ ఆరోజు పనికొచ్చింది అదొక్కటే. "మా మాస్టారు!" అని వనజ పీటల మీద నుంచి లేవబోయింది. పెళ్ళికొడుకు నవ్వుతూ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

కారు పందిరి ముందు ఆగీ ఆగకముందే ముగ్గురూ దూకారు. ఖాసింబీ శ్రుతి పట్టింది. దస్తగిరి పంచె నిండా ఎర్రదుమ్ము, చేతుల నిండా నల్లటి గ్రీజు. ఆయన నాదస్వరం ఎత్తాడు, ఓబులేసు డోలు మీద పుల్ల ఆడించాడు. గట్టిమేళం కొండ కొండంతా మోగింది. వనజ తల వంచింది. తాళి పడింది. అక్షతలు వానలా కురిశాయి.

ఆశీర్వదించమని దంపతులు వంగినప్పుడు దస్తగిరి చెయ్యి సగంలో ఆపేశాడు. "చేతులు నల్లగా ఉన్నాయి తల్లీ" అన్నాడు.

వనజ ఆ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "నా కోసమే కదా మాస్టారూ నల్లబడింది" అంది.

భోజనాలయ్యాక బ్యాండూ మేళమూ కలిసి వాయించాయి. ప్రకాశం బాకాలో రాగం ఎత్తుకుంటే దస్తగిరి నాదస్వరంలో అందుకున్నాడు. సాయంత్రం కొత్త దంపతులు తాము దొరసానిలోనే కొండ దిగుతామని పట్టుబట్టారు. దారిలో సీతాఫలాల మలుపు దగ్గర ఆగినప్పుడు అవ్వ రెక్క మీద పళ్ళు వరుసగా పేర్చి అమ్ముకుంటోంది. "దీని మీద పెడితే పండు బాగా అగుపిస్తా ఉంది నాయనా" అంది. దస్తగిరి దాన్ని ఆమెకే ఇచ్చేశాడు.

మరుసటి రోజు ఆయన కారును తనే షెడ్డుకు తోలుకుపోయాడు. ఇంజిన్ విప్పించి శుభ్రం చేయించాడు, ఆయిలు మార్పించాడు, సరైన టైర్లు వేయించాడు, సైలెన్సరు కూడా తీయించాడు. కారు తిరిగి వచ్చేదాకా బస్సుల్లోనే పెళ్ళిళ్ళకు వెళ్ళాడు. దొరసాని మళ్ళీ ఎన్నో ఏళ్ళు ఆ ముగ్గురినీ ఎత్తులన్నీ ఎక్కించింది.

ఏది వెనకబడినా దానికి కొత్తవి తగిలించబోయే ముందు, అడ్డుపడుతున్న మురికినీ మోస్తున్న అక్కర్లేని బరువునూ తీసెయ్యాలి. అప్పుడు దాని బలం దానికే తిరిగి వస్తుంది.